లోపటికి జరుగుండ్రి

మూడేండ్లు అందరూ దమ్మన్నరు.
దుమ్ముకని డిపో డాక్టరు,
డీజిల్ పొగకని మా ఆడబిడ్డ,
వయసు మీద వడ్డదని డ్రైవర్ సత్తార్ భాయి
(నలభై మూడుకే!).
ఇన్‌హేలర్‌ను క్యాష్ బ్యాగుల చిల్లర మధ్యల వెట్టుకొని
ఉప్పల్ నుంచి మెహిదీపట్నం దాంక తిరిగిన.
మృగశిర నాడు నాంపల్లి గ్రౌండుల
అర్ధరాత్రి నుంచి నిలవడి
పాణమున్న చేపపిల్లను మింగిన.
అది ఏ తొవ్వన పోయిందో గని
నా ఊపిరి తొవ్వల మాత్రం
ఎవలో నిలవడే ఉన్నరు.

మెట్లెక్కితే ఈల. పండుకుంటే ఈల.
మెడల ఏలాడే ఈల ఉత్తగున్నా
ఒక్కోపారి బండి కదిలేది.
"రైట్ అన్నవ్ గదా అండాలక్కా" అనేటోడు సత్తార్ భాయి.
నేను అన్లే. నా గొంతు అన్నది.

ఎర్రగడ్డ దవాఖానల కెమెరా పైపు దించి
ధరణి మేడం తెర మీద చూపించింది:
నున్నగ, తెల్లగ, గోడకు ఆనుకొని
సగానికెక్కువ తొవ్వ మూసిన గడ్డ.
క్యాన్సర్ గాదు, భయపడకు.
నరానికి తొడుగుంటదమ్మా, ఆ తొడుగుకు లేసింది,
ఊపిరి గొట్టంలనంటే శాన అరుదు,
నా సర్వీసుల నువ్వు రెండోదానివి అంది.
మా ఇంటాయన మోటర్లకు వైండింగ్ చేస్తడు.
తీగకు తొడుగుంటదని ఎరుక,
తొడుగు కాలుతదని ఎరుక.
తొడుగు పెరుగుతదని ఆనాడే విన్నడు.

పదహారేండ్లు అరిసిన:
ఫుట్‌బోర్డు మీద నిలవడకుండ్రి,
లోపటికి జరుగుండ్రి, లోపట జాగ మస్తున్నది.
గిప్పుడు నా ఫుట్‌బోర్డు మీద
టికెట్ లేకుంట ఒకడు.
లోపటికి రాడు, దిగడు,
ఎక్కెటోళ్లను ఎక్కనియ్యడు.
తిడుదామంటే దమ్ము లేదు.

కోసి తీసిండ్రు.
రెండు ఉంగరాలంత గొట్టం గూడ పోయింది,
మిగిలింది దగ్గరికి గుంజి కుట్టిండ్రు.
కుట్లు తెగొద్దని గదువను ఎదకు దారంతోని కట్టేసిండ్రు.
వారం దినాలు నేల చూసుకుంటనే ఉన్న
ఏదో తప్పు చేసినదాని లెక్క.

ఇంటికి పంపే నాడు ల్యాబుల అడిగిన,
నేనొకపారి చూస్త అని.
సీసల చింతగింజంత.
ల్యాబు పిల్ల నవ్వి అద్దంల కన్ను వెట్టమంది.
గులాబి నేల మీద ఊదా రంగు గింజలు,
వరుస వెనక వరుస,
భుజానికి భుజం ఆనించి.
కోఠి బస్టాపుల పదహారేండ్లు నేను అడుక్కున్న లైను!
కోపం రావాల్నని చూసిన. రాలే.
"ఎంత మంచిగ నిలవడ్డరే" అన్న
బొంగురు గొంతుతోని.

ఆ బొంగురు అట్లనే ఉన్నది.
డిపోల మైకు ఇస్తమన్నరు, ఇయ్యలే.
రాత్రి మాత్రం ఇంట్ల సప్పుడు లేదు.
మూడేండ్లు ఈలకు అలవాటు వడ్డ మనిషి
దిగ్గున లేసి
నా ముక్కు కాడ అరచెయ్యి వెడుతడు.
గాలి తగిలినంక గూడ
జరసేపు తియ్యడు.