ఆర్ కార్డు

శనివారం మధ్యాహ్నం, గాజువాకలో
బడి ఖాళీ అయ్యాక మిగిలేది మేమే,
ప్రతిభ పరీక్ష నెగ్గిన పదకొండుమంది, ఒక ఫ్యాను, నేను.
ఈ పిల్లలతో చిక్కేమిటంటే
నేను పేజీ తిప్పేలోపు వాళ్లు పాఠం దాటేసి
అవతలి గట్టున కాళ్లూపుకుంటూ
నాకోసం చూస్తుంటారు.

ఆ రోజు ప్రాథమిక హక్కులు.
ఆరు, అని బోర్డు మీద రాశాను.
ఇరవై రెండేళ్లుగా అదే రాస్తున్నాను,
ఇప్పుడు సుద్దముక్క తనే రాసేస్తుంది.
"మొదట ఏడు కదా టీచర్," అంది గొలగాని మోనిష
వెనక బెంచీ నుంచి, చెయ్యి కూడా ఎత్తకుండా.
"ఆస్తి హక్కుండేది. డెబ్భై ఎనిమిదిలో తీసేశారు."
శభాష్ అన్నాను. అక్కడితో ఆగుతుందనుకున్నాను.

"మా తాత భూమి డెబ్భై నాలుగులో పోయింది.
అప్పటికింకా హక్కుంది కదండీ.
ఉండగా ఎలా పోయింది?"

ప్రజాప్రయోజనం, చట్టప్రకారం, పరిహారం...
నా నోట్లోంచి వస్తున్న మాటలు నాకే
ఏదో ఆఫీసులో కిటికీ అవతల కూర్చున్న
గుమాస్తా గొంతులా వినిపించాయి.
సరే, వచ్చే శనివారం కోర్టు పెడదాం, అన్నాను.
తెలివైన పిల్లలు అడిగినదానికి జవాబు లేనప్పుడు
టీచర్లు ప్రాజెక్టు ఇస్తారు.

సర్కారు తరఫున మైలపల్లి ఎల్లాజీ నిలబడ్డాడు.
వాళ్ల పెద్దలు పడవలు లాగిన ఒడ్డున ఇప్పుడు పోర్టు గోడ.
అడిగి మరీ ఆ పక్క తీసుకున్నాడు.
"అవతలోడు ఏటంటాడో మనకి తెలవాలి కదండీ."
నస్రీన్ జడ్జి. నల్ల చున్నీయే కోటు.
పృథ్వీధర్ సాక్షి: "మా నాన్నది ప్లాంటులో క్రేను.
పాలకొండ నుంచొచ్చి చేరాడు, ఇక్కడే అమ్మని చూశాడు.
ప్లాంటు లేకపోతే నేనే లేను."
ఎవరూ నవ్వలేదు. జడ్జి రాసుకుంది.

అప్పుడు మోనిష సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది.
లోపల ఒక అట్ట, మూలలు అరిగి గుండ్రమైనది.
నిర్వాసితుల కార్డు. ఇంట్లో అందరికీ ఆర్ కార్డే.
తాత పేరు, ఊరి పేరు, ఒక నంబరు.
"ఊరున్న చోట ఇప్పుడేముంది?" అడిగింది జడ్జి.
"పొగ గొట్టం. మా డాబా మీంచి కనిపిస్తాది.
దీనికి ఉద్యోగం ఇస్తామన్నారు. తాతకి వయసు దాటిపోయింది.
నాన్నకి పిలుపు రాలేదు.
నా పేరు మీదికి మార్చమని నానమ్మ రోజూ అడుగుతాది.
నాకు ఉద్యోగం వద్దండీ, నేను చదువుకుంటాను.
ఆ మాట నానమ్మకెలా చెప్పాలో తెలీడం లేదు."

ఎల్లాజీ కూర్చుండిపోయాడు.
వాడి కాగితం మీద ఇంకా నాలుగు పాయింట్లున్నాయి,
నేను చూశాను, మంచి పాయింట్లే.

ప్లాంటు అమ్మొద్దంటూ సాగిన ఊరేగింపులో
యూనియన్ బ్యానరు ఒక కొస పట్టుకుని
నేనూ అరిచాను, ఉక్కు మా హక్కని, గొంతు పోయేదాకా.
నిజంగానే అరిచాను, రేపు పిలిచినా వెళ్తాను.
కానీ ఆ హక్కు ఏడింటిలో ఎన్నోదో
ఆ రోజు నన్నెవరూ అడగలేదు.

నస్రీన్ కళ్లద్దాలు తుడుచుకుని
"ఈ కోర్టుకి ఇంకో వారం కావాలి" అంది.
పిల్లలు బల్లలు చరిచారు.
మోనిష కార్డుని కవర్లో పెట్టి, గాలి నొక్కి, రెండు మడతలు వేసింది,
టిఫిన్ బాక్సుకి తగలకుండా లెక్కల పుస్తకంలో దాచింది.

నా సొరుగులో ఒక ఫారం ఉంది.
విమర్శనాత్మక ఆలోచన, పదికి ఎన్ని, అని అడుగుతుంది.
పదకొండు పేర్లకీ గడి ఖాళీ.
నాకోసం కూడా ఒక వరుస ఉంటే బావుండును.

బోర్డు తుడవబోతే
కింది మూలన ఎవరో చిన్నగా 'ఏడు' అని రాసి
దాని మీద అడ్డంగా గీత కొట్టారు.
ఆ మూల వదిలేసి మిగతాదంతా తుడిచాను.
సోమవారం పొద్దున్నే తెలుగు మాస్టారు అడుగుతారు,
ఏటిది టీచర్, అని.