కమ్మచ్చులో ఆఖరి బెజ్జం

పగలు కుదరదు.
కోకాపేట వైపు బండలు పేలుస్తుంటే
మా బల్ల మీది బంగారం ఉలిక్కిపడుతుంది.
అందుకని రాత్రి ఒంటిగంట దాటాక,
లింగంపల్లి రైళ్ళన్నీ పడుకున్నాక,
ఇలియాస్ హీలియం మట్టం చూసి
"ఇగ గుంజుండ్రి మేడం" అంటాడు.

గుంజుతాను.
చేత్తో కాదు, వెంట్రుక మందంలో
పదిలక్షలో వంతు చొప్పున.
తీగ నడుము సన్నబడి, ఇంకా సన్నబడి
చివరికి నాలుగు పరమాణువులు
ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నిలబడతాయి.
తెర మీద గీత ఒక మెట్టు దిగి ఆగుతుంది.
ఆ మెట్టు మీద ఊపిరి బిగబట్టి కూర్చోవడమే నా ఉద్యోగం.

పాట్ మార్కెట్‌లో మా మేనమామ వీరభద్రాచారి
బెజ్జం తర్వాత బెజ్జం మార్చి
కమ్మచ్చులో తీగ లాగేవాడు.
మధ్యమధ్య కుంపట్లో కాల్చి మెత్తబరిచేవాడు.
"బంగారం అలుగుతదే, బుజ్జగించి లాగాలె."
ఆఖరి బెజ్జం దగ్గర మాత్రం మాట్లాడేవాడు కాదు.
దాని తర్వాత కూడా ఇన్ని బెజ్జాలున్నాయని
ఆయనకు నేను చెప్పలేదు.
చెబితే కూలి ఎంతని అడిగేవాడు.

ఇక్కడ లాగడం కాదు భయం,
కరెంటు పెంచడం.
మిల్లీవోల్టుల్లో పోనిస్తే గంటసేపు నిలిచే గొలుసు
ఒక వోల్టు దాటిందంటే క్షణం ఆగదు.
లాగుడు పెంచలేదు. ఎవరూ ముట్టుకోలేదు.
దాని గుండా పోతున్నవే దాన్ని తెంపాయి.

కొన్ని ఎలక్ట్రాన్లు దారిన పోతూ భుజం తగిలిస్తాయి.
కొన్ని పట్టుకున్న చేతుల మధ్య దూరి
పట్టు వదులు చేస్తాయి.
ఇంకొన్ని (ఇది నమ్మడానికి నాకు రెండేళ్ళు పట్టింది)
పరమాణువును ఉన్నచోటే గుండ్రంగా తిప్పుతాయి,
గానుగెద్దులా.
కాదు, ఎద్దు అలసిపోతుంది.
ఇది చుట్టుచుట్టుకూ బలం పుంజుకుని
ఏదో ఒక చుట్టులో గొలుసు వదిలి ఎగిరిపోతుంది.

నిన్న రెండూ ఇరవైకి ఒక గొలుసు నిలబడింది.
తొమ్మిది వందల మిల్లీవోల్టులు. నిలబడింది.
వెయ్యి. నిలబడింది.
ఇలియాస్ ఫ్లాస్కు మూత తిప్పబోయి ఆగాడు.
వెయ్యిన్నీ రెండు వందలు.
అప్పటికి మా ఇద్దరికీ మాటల్లేవు.

కరెంటు పోయింది.
గచ్చిబౌలి అంతా ఒక్కసారే.
యూపీఎస్ కాసేపు మూలిగి, అదీ మానేసింది.
ఎక్కడో వాన మొదలైన వాసన.

మళ్ళీ వచ్చేసరికి తెర ఖాళీ.
గొలుసు తెగిందో,
రెండు కొసలూ కలిసి మళ్ళీ లావు తీగైపోయాయో
చెప్పే సాక్షి లేడు.
కారణం అనే గడిలో ఏం రాయాలని
చాయ్ చల్లారేదాకా ఆలోచించి రాశాను:
తెగడం చూడలేదు. కరెంటు పోయింది.