ఖాళీ బస్సు వంతెన దాటుతుంది

మొదటిసారి నిలబడ్డప్పుడు
పాత ఆవిరిగది కూల్చిన చెక్కలే మా బోర్డులు.
కొట్టానికి వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగుతో
ఐలీ కోస్కెలా అని తనే రాసుకుంది.
చివరి అక్షరానికి చోటు చాలక
ప్రతి బోర్డు మీదా అది
చెక్క అంచు పట్టుకుని వేలాడేది.
నవంబరుకి ఇక్కడ నేల రాయైపోతుంది,
అక్టోబరులోనే పాతెయ్యాలి.
సుత్తి నాది. మేకులు నావి.
లెక్కల పుస్తకం కూడా నాదే:
జమ నూట నలభై డాలర్లు,
అందులో నలభై వాళ్ళమ్మవి.

మిషిగన్ రాజధాని మాకు తొమ్మిది గంటల దూరం.
అక్కడ అచ్చేసే పటాల్లో ఒక్కోసారి
మా గట్టు ఉండనే ఉండదు,
మేం బతుకుతున్న చోటంతా
సరస్సు నీలం పూసేస్తారు.

ఆమె అడిగింది ఒక్కటే, వంతెన.
గని మూతపడ్డాక దాని మొహం చూసినవాడు లేడు.
ఇంతకు మించి బరువు మోయదని
ఒక రేకుపలక తగిలించి చేతులు దులుపుకున్నారు.
రోజూ చీకటుండగానే ఐలీ బస్సు ఆపుతుంది.
ఇరవైమూడు మంది పిల్లలు దిగి
ఒకరి టోపీ వెనక ఒకరు, మంచులో నడిచి దాటుతారు.
తర్వాత
ఖాళీ బస్సు వంతెన దాటుతుంది.

రెండువేల పైచిలుకు తేడాతో ఓడిపోయింది.
"పోన్లే, పేరైతే తెలిసింది" అంది.
బోర్డులు కోళ్ళగూటికి కప్పయ్యాయి.
రెండేళ్ళకి మళ్ళీ అవే పీకి,
రెట్ట గోకి, సంవత్సరం అంకె మార్చింది.

ఈసారి గడపగడపా ఎక్కాం.
కుక్కల పేర్లు ముందు తెలిశాయి నాకు,
మనుషులవి తర్వాత.
కాఫీ పొయ్యని ఇల్లు లేదు.
"నీకు కాక ఇంకెవరికి వేస్తాం!"
చర్చి కింద గదిలో చేపల విందు రోజున
ముసలి బెర్తా సాలో మాత్రం
గరిటె ఎత్తి పట్టుకుని అడిగింది:
"నువ్వు అసెంబ్లీకి పోతే
మా మనవల బస్సెవరు తోల్తారే?"
అందరం నవ్వాం.
నవ్వాల్సిన మాట కాదది.

డెల్మర్ ట్రెంబాత్ ఎవరి గడపా ఎక్కలేదు.
నున్నటి కాగితం మీద, చచ్చిన జింక పక్కన,
పోస్టులో వచ్చాడు.

ఏడు ఓట్లు.
ఆరన్నారు ముందు. మళ్ళీ లెక్కపెట్టమంటే
రెండ్రోజులు లెక్కపెట్టి ఏడు చేశారు.
హాల్లో కుర్చీలు మడతపెడుతూ ఎవరో అన్నారు
ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టను చోటు లేదని.
ఐలీ ఏమీ అనలేదు. మిగిలిన కేకు
మూడు పొట్లాలు కట్టింది.
మర్నాడు ఐదున్నరకి బస్సు స్టార్టయిన చప్పుడు
నా దుప్పట్లోకి వినబడింది.

ఇంకో సంగతి చెప్పాలి.
నా ఇరవయ్యో ఏట గనిలో కప్పు కూలినప్పుడు
చీకట్లో నా చొక్కా కాలరు పట్టుకుని
వెలుతురులోకి ఈడ్చుకొచ్చిన చెయ్యి
డెల్మర్ తండ్రిది.
ఆ చేతికి తర్వాత రెండు వేళ్ళు లేవు.
తెర వెనక పెన్సిలు పట్టుకున్నప్పుడు
నాకు ఆ రెండు వేళ్ళే కనబడ్డాయి.
సుత్తి ఆమెకిచ్చాను, ఓటు అతనికి.
రెండుసార్లూ.

నా ఒక్కడి వల్ల ఏడు తీరవు,
అని లెక్క చెప్పుకుంటాను.
లెక్కల పుస్తకం నాదే కదా.

నిన్న సాయంత్రం వచ్చింది ఐలీ,
చంకలో బోర్డులు, వేలికి ఆకుపచ్చ మరక.
"నేల గట్టిపడకముందే" అంది.
గుమ్మంలోనే నిలబడి ఒక్క క్షణం
నా మొహంలోకి చూసింది.
తెలుసో, తెలియదో.
తెలిసే వచ్చిందో.

ఇవాళ వంతెన పక్కనే పాతుతున్నాను.
మొదటి మేకు వంకరపోయింది.
బస్సు ఆగింది. పిల్లలు దిగి, నడిచి,
అవతలి గట్టున బూట్లు దులుపుకుంటున్నారు.
తలుపు తెరిచి ఒక్కొక్కరినీ
వేలితో లెక్కపెట్టుకుంటోంది ఆమె,
ఇరవై ఒకటి, ఇరవై రెండు,
ఎవడో చేతితొడుగు పారేసుకుని వెనక్కి పరిగెత్తాడు,
ఆగింది.
వాడొచ్చేదాకా
ఆ చివరి అంకె నోట్లోనే పెట్టుకుని
ఆగింది.