పన్నెండో గడి

మిర్యాలగూడ మిల్లు ఆఫీసుల మీటింగు.
టేబులు మీద ఊక దుమ్ము, చాయ్ గ్లాసుల మీద ఊక దుమ్ము,
పదకొండు పేర్లు రాసిన కాగితం మీద కూడ.
పన్నెండో గడి ఖాళీ.
నాగుల్ మీరాను మళ్ల తీసుకుందామా, వద్దా,
గంటన్నర సంది ఇదే పంచాయితీ.

సోమనర్సయ్య సేటు పైసలు పెట్టేటాయన.
గొంతుల కోపం లేదు, లెక్క ఉన్నది:
"పోయినేడు ముప్పై వేలిచ్చిన. ఎన్ని ఆటలాడిండు?
నాలుగు. అండ్ల నాలుగోది సగమే.
రోలరు పగిలితే ఒకసారి వెల్డింగు పెడతం,
రెండోసారీ పెడతం,
మూడోసారి తూకమేసి అమ్ముకుంటం గద."

రత్నకుమార్ సారు కిటికీ దిక్కు తిరిగిండు.
వాణ్ణి దొరకబట్టుకొచ్చింది ఆయనే,
పదమూడేండ్ల పిల్లగాడు, పెద్దవూర కాడ
లారీ మీదికి చేపల గంపలు విసురుతుంటే.
ఒక్క గంప కూడ ఒలకలేదని ఇప్పటికీ చెప్తడు.
ఇయ్యాల చెప్పలే.

కెప్టెన్ ధర్మా నాయక్ చిన్నోడు, నిజం చెప్పిండు:
"అన్న ఉంటే బంతి అన్నకే ఇస్తం సారూ.
అన్న పడిపోతే ఏం జెయ్యాల్నో మాకు తెల్వదు.
అన్న లేకుంటే ఓడుతం గానీ
ఎట్ల ఓడినమో తెలుస్తది."

నేను స్కోరు రాసేటోణ్ణి.
మర్రిగూడ దిక్కు బోరు నీళ్లు తాగి పెరిగిన మోకాళ్లు నావి,
వంగయి.
కుర్చీల కాళ్లు కట్టెల లెక్క ముందటికి చాపి
పదిహేనేండ్ల సంది రాస్తున్న.

హిల్ కాలనీ కోర్టుల ఒకనాటి సంగతి.
డ్యాం గేట్లెత్తిన్రు, ఆ మోతల విజిల్ వినపడలే.
అందరు ఆగిన్రు. వాడు లేచిండు.
అందరు ఆగినంక కూడ
వాడు ఇంక గాలిలనే ఉన్నడు.
ఆ రెండు పాయింట్లు చెల్లవని రిఫరీ కొట్టేసిండు.
నేను కొట్టేసిన,
కొట్టేసి, మార్జినుల ఒక చుక్క పెట్టుకున్న.
ఎవరికీ చెప్పలే.

మూడో ఆపరేషను అయిన యేడు గ్రహణం వచ్చింది.
కాలనీ పిల్లలు వాని గడప ముందట లైను కట్టి
వాని మోకాలి ఎక్స్‌రే ఒకరి చేతిల నుంచి ఒకరు గుంజుకుంట
సూర్యుణ్ణి చూసిన్రు.
రెండు మేకులు, ఒక స్క్రూ,
వాటి నడుమ ఎవరో కొరికి పెట్టినట్టు సూర్యుడు.
"అన్నా, నీ మోకాలు మస్తు పనికొచ్చింది" అన్నడొకడు.
వాడు నవ్విండు.
పిల్లలు నవ్వుడు ఆపినంక కూడ
వాడు ఇంక నవ్వుతనే ఉన్నడు.
నా వంతు వచ్చింది.
నేను సూర్యుణ్ణి చూడలే.

"నువ్వేమంటవ్ జంగయ్యా?"
సేటు నా దిక్కు తిరిగిండు.
తీసుకోమంటే
ఆ మోకాలును ఇంకోసారి నేనే కోయించినట్టు.
వద్దంటే, పనికిరాని కాళ్ల లెక్కల
మొదలు నా కాళ్లే వస్తయి.
"లెక్క అడుగుతున్నవా సేటూ, ఇంకేమన్ననా?"
"లెక్కనే."
"లెక్కయితే వద్దు."

మర నడుస్తనే ఉన్నది అవతల.
రత్నకుమార్ సారు కండ్లద్దాలు తుడుచుకొని
పన్నెండో గడిల హాలియా పిల్లగాని పేరు రాసిండు,
ఇంటిపేరు రెండుసార్లు అడిగి.
సాపుగ ఎక్కించమని కాగితం నాకిచ్చిన్రు.
పన్నెండు పేర్లు ఎక్కించిన.
మార్జినుల పెన్ను ఒక్క దగ్గర ఆగింది.
చుక్క పడ్డది.

రేపు పొద్దుగాల వానికి చెప్పేదెవరు అంటే
అందరు నా మొకమే చూసిన్రు.

హిల్ కాలనీ ఎత్తు మీద ఉంటది.
బస్సు దిగినంక నా కాళ్లకు టైం పడతది.
పట్టనీ.