ఎనుక నుంచి లెక్క

పోయే తారీఖు చెప్పు ముందుగాల, అన్న.
అక్టోబరు రెండో వారం, అన్నది గాదాసు హైమావతి.
గోడ మీది క్యాలెండరు దించి టేబుల్ మీద పరిచిన.
ముందుకు చూసుకుంట పోతే వీసా కాదు బిడ్డా,
నాటేసే దినం అనుకొని నారు పోసే దినం పట్టినట్టు
ఎనుక నుంచి రావాలె.

స్టిక్కరు పడేటందుకు మూడు వారాలు.
హైదరాబాదుల వేలిముద్రలకు దినం దొరుకుడు ఒక నెల.
ఆడి ప్రొఫెసరు ఉత్తరం జులైలనే రావాలె,
ఆగస్టంత వాళ్లు సముద్రం ఒడ్డున పండుకుంటరు.
ఇగ మన రిజిస్ట్రారు నిరభ్యంతర పత్రం,
అది ఏ లెక్కకూ అందదు.
దానికి ఉగాది పచ్చడి తిన్న చేత్తోనే దరఖాస్తు రాయాలె.

ఆమె నవ్వలే. రాసుకున్నది.

తొంభై రోజులు అడగకు, ఎనభై ఎనిమిది అడుగు.
దిగిన రోజు ఒకటి, ఎక్కిన రోజు ఒకటి,
రెండూ వాళ్ల ఖాతలనే పడ్తయి.
ఇరవై రెండేండ్లు ఈ సెక్షన్ల కూసున్నోన్ని,
నాకు పాస్‌పోర్టు లేదు.

మట్టెవాడల వాళ్ల ముత్తాత మగ్గం నిలవెట్టిన జాగల
ఇప్పుడు బైకులు పెడ్తున్నరు.
ఆ వాడల నేసిన తివాచీ ఒకటి
జర్మనీల ఒక యూనివర్సిటీ బీరువల ఉన్నదట,
చుట్ట చుట్టి, నంబరేసి.
పిల్ల పోయి దాన్ని బోర్లేసి
అంగుళానికి ఎన్ని ముడులో లెక్కవెడ్తదట.
తివాచీ ఎట్ల పోయిందో ఎవరికీ ఎరుక లేదు.
గోనె పట్టల కట్టి ఓడెక్కిచ్చిండ్రు గావచ్చు.
ఆరు నెలల బ్యాంకు కాగితాలు
దాన్నెవరూ అడగలే.

అన్నీ అయినయి అనుకున్న నాడు
పేరు కాడ తట్టింది.
పదో తరగతి మెమోల ఐ, పాస్‌పోర్టుల వై.
తెలుగుల ఒక్కటే అక్షరం, హై,
కొమ్ము లేదు, దీర్ఘం లేదు, తగాదా లేదు.
దాని కోసం నోటరీ, నోటరీ కోసం స్టాంపు కాగితం,
స్టాంపు కాగితం కోసం హన్మకొండ కోర్టు ముంగట
చెట్టు కింది టైపు ముసలాయన.
ఆయన కండ్లద్దాలు పలిగి రెండు దినాలు.
పంతొమ్మిది రోజులు తిన్నది ఆ అక్షరం.

రేపు వేలిముద్రలంటే ఇయ్యాల్నే పో అన్న.
ఎందుకు ఖాజన్నా, పొద్దుగాల రైలున్నది గద, అన్నది.
ఆ రాత్రి భద్రకాళి చెరువు మత్తడి దుంకింది,
కాజీపేట కాడ పట్టాల మీదికి నీళ్లొచ్చినయి.
ఆమె అప్పటికే సికింద్రాబాదుల
చిన్నమ్మ ఇంట్ల పండుకున్నది.
ఈ నౌకరీల నేను గెలిచింది గంతే, ఆ ఒక్క రాత్రి.

స్టిక్కరు వచ్చింది.
ఎనభై ఎనిమిది అడిగితే నలభై ఐదు ఇచ్చిండ్రు.
ఎందుకో రాయరు, అడిగితే చెప్పరు.
నేను క్యాలెండరు తట్టు చూసిన, ఆమె మొఖం తట్టు చూడలే.
సగం తివాచీ అయితది తియ్, అన్నది,
పాస్‌పోర్టు ప్లాస్టిక్ కవర్ల పెట్టుకుంట.

నవంబరుల ఒక ఫొటో పంపింది.
తివాచీ ఎనుక దిక్కు, పక్కన స్కేలు, తెల్ల గ్లౌజు ఏలు.
ఎర్ర వరుసల నడుమ ఒక్క నీలం ముడి,
ఉండొద్దుగని ఉన్నది.
తప్పు పడ్డది ఖాజన్నా, అని రాసింది,
నేసినాయనకు తెలిసే ఉంటది, ఇప్పలే.

జవాబేం రాయాల్నో తోచలే.
ఎదురుంగ ఒక పిలగాడు నిలవడ్డడు,
పత్తి పురుగు మీద పని చేస్తడట, జపాన్ పోతడట,
పాస్‌పోర్టుకు ఇంక దరఖాస్తు పెట్టలేదట.
కూసో అన్న.
సదువుకున్న కాగితాలల్ల నీ పేరు
ఎన్ని తీర్ల ఉన్నదో ముందది చెప్పు.