ఎక్కడ విరగాలో

హరలాంబియె బల్ల మీద
ఐదు జిగుర్లుండేవి, ఐదు వాసనలు.
మూడింటిని ఆయన ముక్కు ఎప్పుడో మరిచిపోయింది.
అందుకే మూత తీసి నా ముఖం ముందు పెట్టేవాడు:
"చెప్పు ఇలింకా, ఇదేది?"

నాకప్పుడు పదకొండేళ్ళు.
కార్పాతియన్ కొండల కింద మా ఊరు,
ఊరి కింద ఉప్పుగని.
అక్కడ గాలి కదలదు.
గాలి కదలని చోటే
గ్రాము బరువున్న విమానం ఎగరగలదు.
చలికాలమంతా ఆదివారాలు లిఫ్టులో దిగి
ఉప్పు గోడల మధ్య నిలబడి
రబ్బరుకి మెలికలు తిప్పేవాళ్ళం,
మా ఊపిరి దానికి తగలకుండా
ముఖాలు పక్కకి తిప్పుకుని.

నాకు నచ్చింది, క్షణంలో అంటుకునేది.
ఒక్క చుక్క. ఉడుంపట్టు.
మొదటి రోజే నా బొటనవేలూ చూపుడువేలూ
రెక్క ఈనెతో సహా ఒకటైపోయాయి.
ఆయన నవ్వలేదు.
గోరువెచ్చని సబ్బునీళ్ళ గిన్నెలో నా చెయ్యి ముంచి
పక్కన కూర్చున్నాడు.
"ఇది తప్పుని కూడా ఇంతే గట్టిగా అంటిస్తుంది."

తెల్లజిగురు సాధువు, వాసన లేదు,
మా బడిలో కాగితాలకి వాడేదీ అదే.
కానీ దాని నీళ్ళు తాగిన బాల్సా
ఆరేలోపు వంకర తిరుగుతుంది,
ఆరాక ఇసుక కాగితానికి లొంగదు, సాగుతుంది.
ఎపాక్సీ ఇంజనున్న వాటి తిండి,
మా దోమకి ఆ విందు పెడితే నేల విడిచి లేవదు.
వజ్రబంక ఆయన తండ్రి నాటిది,
వయొలిన్లు అతికిన చేతులవి.
తోలు ముక్కలు పొయ్యి మీద మరుగుతుంటే
పై అంతస్తు కుక్క దిగొచ్చి
తలుపు దగ్గర భోజనానికి కూర్చునేది.

చివరిది ట్యూబులోది, గోళ్ళరంగు వాసన.
అసిటోన్‌తో పలుచన చేసి
సూదిమొనతో అందుకుని
పుల్ల కొసకి పూసి, ఆరనిచ్చి,
మళ్ళీ పూసి, అప్పుడు కలిపేవాడు.
"మొదటి పూత కర్ర తాగడానికి.
దాహంతో ఉన్నవాడితో బేరమాడకూడదు."

అతికాక నాలుగు ఊపిర్ల దాకా
అది ఆగేది. పుల్లని జరపొచ్చు, సరిచెయ్యొచ్చు.
ముప్పయ్యేళ్ళు లేత్ మిషను పట్టిన కుడిచెయ్యి
వణికేదని నాకు తెలుసు.
ఆ నాలుగు ఊపిర్లూ ఎవరి కోసమో
తెలియడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

"రెక్క మొదట్లో ఇంత తక్కువ పూశారేం?"
"గోడకి కొట్టుకుంటే ఏదో ఒకటి విరగాలి కదా.
ఏది విరగాలో ముందే చెప్పి పెడుతున్నాను."

నేను వినలేదు.
ఫిబ్రవరి పందెం ముందు రాత్రి
నా విమానం రెక్క మొదట్లో
దొంగతనంగా ఉడుంపట్టు చుక్క వేశాను.
ఒకటి కాదు, రెండు.

గనిలో ఆయనది తొమ్మిదో నిమిషంలో
ఉప్పు స్తంభానికి తగిలింది.
రెక్క బుద్ధిగా ఊడి
ఆకులా ఊగుతూ కిందికొచ్చింది.
పాత అతుకు మీద అసిటోన్ చుక్క పడింది, మెత్తబడింది,
పావుగంటలో మళ్ళీ పైకప్పు కింద తిరుగుతోంది.

నాదీ అదే స్తంభానికి కొట్టుకుంది.
ఈనెలు పొడి, పొర చిరుగు, తోక ఎక్కడో.
అతుకు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆయన వంగి, మోకాళ్ళ మీద వెతికి
ఆ అతుకొక్కటే ఏరి
అగ్గిపెట్టెలో వేసుకున్నాడు.
ఒక్క మాట అనలేదు.
లిఫ్టులో పైకొస్తున్నంతసేపూ
నా టోపీ మీద ఉప్పు దులుపుతూనే ఉన్నాడు.

ఇప్పుడు పిల్లలొచ్చి ఏ జిగురు మంచిదని అడుగుతారు.
ముందు చేతులు చూపించమంటాను.
కొందరు మట్టి చేతులేమోనని తుడుచుకుంటారు.

ఆయన బల్ల ఖాళీ చేసిన రోజు
ట్యూబు రాయిలా ఎండిపోయి ఉంది.
సొరుగు వెనక అగ్గిపెట్టె.
తెరిచి గోటితో గిల్లి చూశాను.
ఊడలేదు.