సాన పట్టేవాడి వాంగ్మూలం

అవునండీ, ఆ కత్తికి సాన పట్టింది నేనే.
మంగళవారం. వాన వెలిసిన పూట.
సైకిల్ స్టాండు వేసి
గొట్టాల పిల్లనగ్రోవి ఒక్క ఊపు ఊదాను.
ఈ పోర్చుగల్ కొండల్లో
ఆ కూత తెలియని వంటిల్లు ఉండదు.
జుల్మీరా ఏప్రన్‌లో చుట్టి తెచ్చింది,
కత్తెర ఒకటి, కూరల కత్తి ఒకటి.
శ్రద్ధంతా కత్తెర మీద పెట్టమంది,
నల్లబట్టలు కుట్టుకోవాలట.
చిల్లరలో పది సెంట్లు తక్కువైతే
లోపలికెళ్లి వెతికి మరీ తెచ్చింది.

ఇది రాసుకోండి ఇన్‌స్పెక్టర్ గారూ.
ఆ రోజు ఆమె చేతులు వణకలేదు.
ఆ రోజు ఆమె ఎవర్నీ చంపబోవడం లేదు.

కాఫీ అంగట్లో ఇప్పుడు తలా ఒక కారణం.
చెస్ట్‌నట్ తోట, అంటాడు రొట్టెలవాడు.
సారా, అంటుంది పోస్టాఫీసు ఎర్మెలిండా,
జన్మలో చుక్క ముట్టని మనిషి గురించి.
"ఆడదై ఉండి..." అని ఫాదర్ గారు
సగంలో ఆపి చక్కెర కలుపుకున్నారు.
ఆ సగం మాట బల్ల మీద ఒలికి అలాగే ఉంది,
ఎవరూ తుడవలేదు.
మనసు రాయి మీద రుద్దుకుని పదునెక్కింది, అన్నాడు బడిపంతులు.
నలభై ఏళ్లుగా ఇనుముతో బతుకుతున్నాను, వినండి:
పదును పెట్టాలంటే ఎవరో ఒకరు చేత్తో పట్టుకోవాలి.
సొరుగులో వదిలేసిన కత్తికి
పట్టేది తుప్పు.

పంతొమ్మిదేళ్లు తల్లి మంచం పక్కనే.
పక్కకి తిప్పడం, తుడవడం, దుప్పటి ఉతకడం,
వాన రోజుల్లో ఆ దుప్పటి పొయ్యి దగ్గర ఆరడం.
తమ్ముడు అడెరీటో ఏడాదికోసారి
కాయలు రాలే వేళకి దిగేవాడు
లిస్బన్ బూట్లకి మా బురద అంటకుండా.
తల్లి ఆఖరి మాట వాడి పేరు.
నెల తిరక్కుండా వాడు కాగితం పట్టుకొచ్చాడు,
తోట అమ్మేశాడు,
సంతకం ఇక్కడ, అని వేలు పెట్టి చూపించాడు.

అప్పుడు కూడా చంపలేదు, చూడండి.
సంతకం పెట్టింది.
సూప్ వడ్డించింది.
వాడు ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని
ఉప్పు తక్కువైంది, అన్నాడు.

మీరు మూడుసార్లు అడిగారు ఎందుకని.
బయట బెంచీ మీద విన్నాను, తలుపు తీసే ఉంది.
మూడుసార్లూ అదే చెప్పింది,
ఉప్పు తక్కువైందన్నాడండీ.
గుమ్మంలో కుర్ర పోలీసు నవ్వాడు.
నాకు నవ్వు రాలేదు.

మీరు నన్ను అడగని సంగతి ఒకటుంది.
ఇరవై ఆరేళ్లప్పుడు, ఇదిగో ఈ చక్రం కోసమే,
నాన్న నాకిస్తానన్న ఈ చక్రం అన్న తీసుకున్నందుకే,
ఒకసారి సుత్తి పట్టుకున్నాను.
అన్న వంగి టైరుకి గాలి కొడుతున్నాడు.
మెడ మీద చెమట, చిన్న పుట్టుమచ్చ.
చెయ్యి పైకి లేచింది. ఎంత తేలిగ్గా లేచిందో!
అన్న తుమ్మాడు.

తుమ్మిన వాణ్ని దేవుడు కాయాలని
"శాంటిన్యో" అంటాం కదా మనం,
నోరు అలవాటు కొద్దీ అనేసింది.
దీవించాక ఇంక కొట్టడం ఎలా?
"థాంక్స్ రా", అన్నాడు వెనక్కి తిరక్కుండానే.
ఆ పొద్దుట గాలిలో దుమ్ము ఉంది, అంతే.
నా మంచితనం కింద అది రాయకండి.
అన్నకిప్పుడు డెబ్భై ఒకటి. మోకాళ్ల నొప్పులు.
మొన్న సైకిల్‌కి కొత్త గొలుసు పంపాడు.

జుల్మీరా వంటింట్లో ఆ సాయంత్రం
ఎవరికీ తుమ్ము రాలేదు.

చెప్పడం అయిపోయిందండీ.
సంతకం ఇక్కడా?
మీ వేలు కాస్త తీయండి,
ఆ వేలు అక్కడుంటే నేను పెట్టలేను.